నగర ప్రణాళికలు – వీధి విక్రయ పదజాలము: ఢిల్లీని గూర్చిన ఒక పరిశీలనము

1. ప్రస్తావన

నగరముల ఆర్థికాభివృద్ధిని గూర్చిన ప్రణాళికలు అర్థశాస్త్రజ్ఞులకును పురనిర్మాణ నిపుణులకును మాత్రమే చెందిన విషయములని సాధారణముగా భావింపబడుచున్నది. భాషాధ్యయనము చేయువారికి వానితో పనిలేదని తలచువారును కలరు. కాని ప్రణాళిక యనునది అన్నిటికంటె ముందు ఒక భాషారచన. అది కొందరిని పేరుపెట్టి పేర్కొనును, కొందరిని పేర్కొనదు. పేర్కొనబడిన వృత్తి లెక్కకు వచ్చును. లెక్కకు వచ్చినవానికి అనుమతిపత్రము లభించును. ఆ పత్రము లేనివాడు తాను ఇరువది సంవత్సరములు నిలిచి అమ్మిన చోటినుండియే తొలగింపబడవచ్చును. కావున పదములను గూర్చిన విచారము ఇచ్చట కొందరి జీవనమునకు సంబంధించిన విచారము కూడ.

ఆర్థికవృద్ధి సుస్థిరముగను, సమ్మిళితముగను ఉండవలెనని 2007–12 నాటి పదునొకండవ పంచవర్ష ప్రణాళికయు, 2012–17 నాటి పండ్రెండవ ప్రణాళికయు ఉద్ఘోషించినవి. 2015లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన 17 లక్ష్యములలో ఎనిమిదవది ఈ ఆశయమునే చెప్పుచున్నది. ఈ ఆశయము స్థానికసంస్థల చేతికి వచ్చినపుడు ఏ పదములవలన ఆచరణసాధ్యమగుచున్నదో, ఏ పదములవలన కుంటుపడుచున్నదో ఢిల్లీ వీధివ్యాపారుల విషయమును ఉదాహరణముగా గైకొని ఈ వ్యాసమున పరిశీలింపబడును.

2. చట్టమును దాని పూర్వరంగమును

ఢిల్లీ అభివృద్ధి చట్టము 1957లో వెలువడినది. ఢిల్లీ నగరపాలక సంస్థ 1958లో ఏర్పడినది. తొలి బృహత్ప్రణాళిక 1962లో అమలునకు వచ్చినది. దాని రచనలో ఫోర్డు ఫౌండేషను పంపిన నిపుణులు, ముఖ్యముగా ఆల్బర్ట్ మేయరు, తోడ్పడిరి. భూమిని వినియోగమునుబట్టి విభజించుట, అనగా ఇది నివాసమునకు, ఇది వాణిజ్యమునకు, ఇది పరిశ్రమకు, ఇది రాకపోకలకు అని నిర్ణయించుట ఆ ప్రణాళికకు మూలసూత్రము. ఇట్టి విభజనములో రాకపోకలకు ఏర్పడిన బాటప్రక్కన గంప దించుకొని వాణిజ్యము చేయువాడు సులభముగా ఇముడడు. ఆతడు నిలిచిన చోటు ఒక విభాగమునకు, చేయు పని వేరొక విభాగమునకు చెందును. 2007లో ప్రకటింపబడిన బృహత్ప్రణాళిక ఇట్టి చిన్నవ్యాపారములకు తావు కల్పింపవలెనని నియమించి, చిల్లర వాణిజ్యస్థలములలో ప్రతి 10 దుకాణములకు 3 లేక 4 చిన్న విక్రయస్థానములు ఉండవలెనని లెక్క చెప్పినది. 2041వ సంవత్సరమును గమ్యముగా పెట్టుకొనిన ప్రణాళికయొక్క ముసాయిదా 2021లో ప్రజాభిప్రాయమునకై వెలువడినది.

ఈ మధ్యకాలమున న్యాయస్థానములు కూడ ఈ విషయమును విచారించినవి. న్యూఢిల్లీ పురపాలక సంఘమునకును సోదన్ సింగ్ అను వ్యాపారికిని జరిగిన వ్యాజ్యమున 1989లో సుప్రీంకోర్టు, బాటప్రక్కన వ్యాపారము చేయుట రాజ్యాంగములోని 19వ అధికరణము క్రిందికి వచ్చు హక్కేయనియు, అది సముచిత నియమములకు లోబడినదనియు తీర్పుచెప్పెను. అట్టి నియమములను శాసనముద్వారా ఏర్పరుపవలెనని 2010లో మరియొక వ్యాజ్యమున ఆదేశించెను. తత్ఫలితముగా వీధివ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టము 2014 మార్చిలో ఆమోదము పొంది, ఆ సంవత్సరము మే 1వ తేదీనుండి అమలునకు వచ్చినది.

ఈ చట్టము ప్రకారము స్థానికసంస్థ ప్రతి 5 సంవత్సరములకు ఒకసారి వీధి విక్రయ ప్రణాళికను సిద్ధము చేయవలెను. ఢిల్లీలో స్థానికసంస్థ యనగా నగరపాలక సంస్థ, న్యూఢిల్లీ పురపాలక మండలి మున్నగునవి. నగరపాలక సంస్థ 2012లో మూడుగా విభజింపబడి, 2022లో మరల ఒకటియైనది. ప్రణాళికకు సలహా నొసగు పట్టణ విక్రయ సంఘమున కనీసము నూటికి 40 వంతుల సభ్యులు వీధివ్యాపారులే కావలెను. వారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెను. వార్డు లేక పట్టణ జనాభాలో నూటికి 2.5 వంతులవరకు వ్యాపారులకు చోటు చూపవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము ఢిల్లీ రాష్ట్రప్రాంతమున 1,67,87,941 మంది కలరు. ఆ జనాభాకు ఈ పరిమితిని అన్వయించినచో సుమారు 4,20,000 మంది అగుదురు. ఇది చిన్న సంఖ్య కాదు. గణన పూర్తియై పత్రము లిచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదనియు చట్టమున కలదు. కావున సర్వమును గణనపై ఆధారపడియున్నది. గణన పేరుపై ఆధారపడియున్నది.

3. ప్రణాళికలోని పదములు

ఇట్టి ప్రణాళికలను తెలుగుచేయునపుడు తరచుగా వచ్చు నాలుగు పదములను విచారింతము.

మొదటిది 'వృద్ధి'. పాణినీయమున ఇది ఆ, ఐ, ఔ వర్ణములకు సంజ్ఞ. ధర్మశాస్త్రములలో అప్పుపై పెరుగు లాభమునకు కూడ ఈ పదమే వాడబడినది. తెలుగు 'వడ్డి' దాని వికృతి. అనగా ప్రకృతి ప్రణాళికాగ్రంథమున నిలిచినది. వికృతి బండివాని నిత్యజీవనమున నిలిచినది. ఉదయము అప్పుతెచ్చి, సాయంకాలము వడ్డితో తీర్చువానికి నగరముయొక్క వృద్ధి అను మాటకంటె తన వడ్డి అను మాటయే దగ్గరిది. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన 'స్వనిధి' పథకము తొలివిడతగా 10,000 రూపాయల ఋణమును, దానిపై నూటికి 7 వంతుల వడ్డీ రాయితీని కల్పించుటలో ఈ సత్యమునే గుర్తించినది.

రెండవది 'సుస్థిర'. ఈ భావమునకు హిందీలో 'సతత్', 'టికావూ' అను పదములు, ఉర్దూలో 'పాయేదార్' అను పదము, బంగ్లాదేశ వంగభాషలో 'టేక్‌సయి' అను పదము వాడుకలో నున్నవి. తెలుగు, కన్నడ, మలయాళములు 'సుస్థిర' పదమును గ్రహించినవి. 'సతత' పదమున ఎడతెగనిది అను కాలార్థము ప్రధానము. 'స్థిర' పదమున కదలనిది అను స్థానార్థము ప్రధానము. మూలభావము తరతరముల వరకు వనరులు తరుగకుండుట; అనగా కాలసంబంధి. కదలుటయే జీవనముగా గల వ్యాపారి విషయమున 'సుస్థిర' పదము మనకు తెలియకయే ఒక మొగ్గును కలిగించును. ఒకచోట గోడ కట్టి కూర్చున్న దుకాణము సుస్థిరమనియు, ఇంధనము కాల్చక ఇంటి వాకిటికి కూరలు తెచ్చు బండి అస్థిరమనియు తోచును. మూలార్థమును బట్టి చూచినచో విపరీతమే నిజము కావచ్చును.

మూడవది 'సమ్మిళిత'. హిందీలో 'సమావేశీ' అందురు. అందు 'విశ్' ధాతువు. లోనికి ప్రవేశించుట దాని అర్థము. తెలుగు పదమున 'మిల్' ధాతువు. కలియుట దాని అర్థము. 'సమ్మిళిత' క్తప్రత్యయాంతము గనుక కలియుట ఇదివరకే జరిగిపోయినదను ధ్వని వచ్చుచున్నది. ఎవరు ఎవరితో కలిసిరి, ఎవరు కలిపిరి అను ప్రశ్నకు అందు తావు లేదు. 'అందరిని కలుపుకొను' అను అచ్చతెలుగు మాటలో కలుపుకొనువాడు కనబడును. ఆ పని ఇంక చేయవలసియున్నదని తెలియును.

నాలుగవది 'అసంఘటిత'. చిన్నవ్యాపారులు, కూలీలు మున్నగువారి రంగమునకు ఇది పేరు. నఞ్‌సమాసము. నఞర్థములు ఆరని వైయాకరణులు చెప్పుదురు: సాదృశ్యము, అభావము, అన్యత్వము, అల్పత్వము, అప్రాశస్త్యము, విరోధము. ఇచ్చట ఉద్దేశింపబడినది అన్యత్వము మాత్రమే. కార్మికచట్టముల పరిధిలో నమోదైన రంగముకంటె వేరైనదని. కాని వ్యవహారమున అభావార్థమే స్ఫురించుచున్నది. వారిలో సంఘటన యనునదే లేదని. అంతటితో ఆగక అప్రాశస్త్యమునకును, అధర్మ శబ్దమునందువలె విరోధమునకును జారుచున్నది. నాలుగు దశాబ్దములుగా సంఘములు పెట్టుకొని సుప్రీంకోర్టువరకు వ్యాజ్యములు నడిపినవారిని అసంఘటితులనుట శబ్దార్థమునకు దూరము. ఒక జనసముదాయమును దానిలో లేనిదానిచేత గుర్తించుట కంటె ఉన్నదానిచేత గుర్తించుట మేలు.

4. వీధిలోని పదములు

చట్టములోని నిర్వచనము ఈ సందర్భమున మిక్కిలి గమనింపదగినది. వీధిలో, సందులో, కాలిబాటపై, ఉద్యానములో, మరి యే బహిరంగస్థలమునందైనను తాత్కాలికమైన కట్టడమునుండిగాని, తిరుగుచు గాని నిత్యావసర వస్తువుల నమ్మువాడును, సేవ లందించువాడును వీధివ్యాపారియని చెప్పి, తిరిగి అమ్మువాడు, మోసి అమ్మువాడు, నేలపై కూర్చుండి అమ్మువాడు మొదలగువారిని అందు చేర్చినది. అంతియేకాక ఆయా ప్రాంతములందు వాడుకలోనున్న సమానార్థకములైన ఇతర పదములన్నిటికిని ఈ నిర్వచనము వర్తించునని స్పష్టముగా చెప్పినది. ఒక శాసనము తన నిర్వచనములో ప్రాంతీయ పదములకు తలుపు తెరచియుంచుట అరుదు. ఆ తలుపులోనుండి ఏ పదములు లోనికి రావలెనో చెప్పుట ఎవరి పని? అది భాషాపరిశోధకుల పని అని నా అభిప్రాయము.

చట్టము హిందీలో 'పథ్ విక్రేతా' అను సమాసమును వాడుచున్నది. ఢిల్లీ వీధులలో ఎవ్వడును తన్ను పథ్ విక్రేత యని చెప్పుకొనడు. 'రేహ్డీ–పట్రీ వాలా' అనునది అచ్చటి వ్యవహారము. ఆ నగర వ్యవహారమునందలి కొన్ని పేళ్లను పరిశీలించినచో నామకరణమునకు ఆధారములు వేరువేరని తెలియును. 'రేహ్డీ', 'ఠేలా' అనునవి వాహనమునుబట్టి వచ్చినవి. 'ఖోమ్చా' తినుబండారముల పళ్లెమునుబట్టి వచ్చినది. 'పట్రీ' స్థలమునుబట్టి, 'ఫేరీ' తిరుగుటనుబట్టి వచ్చినవి. వారముల పేళ్లతో వచ్చిన 'బుధ్ బజార్', 'శని బజార్' మొదలగునవి కాలమునుబట్టి ఏర్పడినవి. 'తహ్‌బజారీ' పురపాలక సంఘమునకు చెల్లించు రుసుమునుబట్టి వచ్చినది.

తెలుగునాట కూడ ఇట్టి వైవిధ్యమే కలదు. 'తోపుడు బండి' అను పేరు వాహనముకంటె దానిని తోయు శ్రమను ముందుగా చెప్పుచున్నది. 'గంప', 'తట్ట', 'కావడి' అను పదములు మోయు సాధనములను చెప్పును. తెలంగాణమున వారపు విపణికి 'అంగడి' యనియు, కోస్తా ప్రాంతమున 'సంత' యనియు వ్యవహారము. అంగడి ద్రావిడభాషలందు విస్తరించిన పదము. తమిళమున 'అంగాడి', కన్నడమున 'అంగడి', మలయాళమున 'అఙ్ఙాడి' అని ఉన్నది. విశేషమేమనగా ఢిల్లీలోని 'తహ్‌బజారీ' తెలంగాణ పురపాలక వ్యవహారమున 'తైబజారు'గా నిలిచియున్నది. కోస్తాలో ఆ స్థానమున 'ఆశీలు' వినబడును. నిజాము రాజ్యమున ఉర్దూ పరిపాలనాభాషగా నుండుట ఈ భేదమునకు కారణము. వెయ్యిమైళ్ల దూరమున నున్న రెండు ప్రాంతములను ఒక బజారు పన్ను పేరు కలుపుచున్నది.

5. స్థిరుడా, చరుడా?

పైనచెప్పిన వాహన, స్థల, గతి, కాల, రుసుము భేదములకు బదులుగా చట్టము ప్రధానముగా రెండే వర్గములను పేర్కొనినది: ఒకచోట నిలిచి అమ్మువాడు, తిరుగుచు అమ్మువాడు. ఇతర వర్గములను పథకములో చేర్చుకొనవచ్చునని అవకాశ మిచ్చినది. వారపు బజారులో అమ్మువాడు ఈ రెండింటిలో దేనిక్రిందికి వచ్చును? సోమవారము ఒక పేటలోను, మంగళవారము మరియొక పేటలోను ఆతడు అంగడి పెట్టును. ఒక్కొక్క దినమున చూచిన స్థిరుడు. వారము మొత్తమున చూచిన చరుడు. గణనచేయు ఉద్యోగి ఏదో ఒక గడిలో గుర్తు పెట్టవలెను. గుర్తు తప్పుగా పడినచో ఆతనికి వచ్చు పత్రము ఆతని వృత్తికి సరిపోదు. గణనకు వచ్చిన దినమున ఆతడు ఆ పేటలో లేకున్నచో అసలు లెక్కలోనికే రాడు.

ఈ చిక్కు భాష వలన వచ్చినది; భాషవలననే కొంతవరకు తీరగలదు. విక్రయమును కాలవిభాగమునుబట్టి నడుపుటకు చట్టమే అవకాశమిచ్చుచున్నది. ప్రాచీన తమిళమున పగటి అంగడికి 'నాళంగాడి' యనియు, రాత్రి అంగడికి 'అల్లంగాడి' యనియు వేరువేరు పేళ్లు ఉండినవి. ఒకే నగరమున విపణిని కాలమునుబట్టి విభజించి పేరుపెట్టుట మనదేశమున క్రొత్త కాదు. ఢిల్లీలోని వారముల బజారు పేళ్లు ఆ సంప్రదాయమునకు చెందినవే. 'వారపు బజారు వ్యాపారి' అను వర్గమును గణనపత్రమున మూడవ గడిగా చేర్చినచో పై చిక్కులో చాలభాగము తొలగును.

చట్టములోని మరియొక పదము 'సహజ విపణి'. అమ్మువారును కొనువారును సంప్రదాయముగా కూడుచున్నదియు, పట్టణ విక్రయ సంఘముయొక్క సిఫారసుపై స్థానికసంస్థ నిర్ణయించినదియు అయిన చోటు సహజ విపణి. గ్రంథాభిమానులందరు ఎరిగిన దరియాగంజ్ ఆదివారపు పుస్తకముల బజారు విషయమున ఈ నిర్వచనముయొక్క విలువ తెలియును. అనేక దశాబ్దములుగా కాలిబాటపై సాగిన ఆ బజారు, ట్రాఫిక్కు కారణముగా 2019 జూలైలో ఆగిపోయినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో అసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్ ఆవరణమునకు మారినది. బజారు నశింపలేదు, కాని దానిని సహజముగా పుట్టించిన చోటు మారినది. బాటసారులకు నడువ తావుండుటయు న్యాయమే; అమ్మువారు బ్రతుకుటయు న్యాయమే. ఏది సంప్రదాయముగా కూడుచున్న విపణియో ముందుగా నమోదైయున్న యెడల ఈ రెండు న్యాయములను తూచుట సులభమగును. ఇట్టి నమోదునకు స్థలనామములు సాక్ష్యమియ్యగలవు. సంతబొమ్మాళి, సంతకవిటి, సంతనూతలపాడు అను ఊళ్ల పేళ్లు ఒకప్పటి సంతలను నేటికిని చెప్పుచున్నట్లే, ఢిల్లీ పేటలలో వారమునుబట్టి నిలిచిన బజారు పేళ్లు ఆయా విపణుల ప్రాచీనతను చెప్పగలవు.

6. పూర్వుల కృషి

వృత్తిపదములను సేకరించుట మన దేశమున క్రొత్త పని కాదు. గ్రియర్సను 1885లో వెలువరించిన బిహారు రైతు జీవన గ్రంథము పనిముట్ల పేళ్లను ఊరూర సేకరించి కూర్చినది. మౌల్వీ జఫరుర్రహ్మాన్ దెహ్లవీ కూర్చిన ఉర్దూ వృత్తిపదకోశము 'ఫర్హంగె ఇస్తిలాహాతె పేషావరాన్' అంజుమన్ తరక్కీయే ఉర్దూ సంస్థచే 1939 మొదలు సంపుటములుగా వెలువడినది. తెలుగున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వచ్చినవి. పుస్తకములనుండి గాక పనిచేయువారి నోటినుండి పదములను గ్రహించుట ఈ కోశముల విశేషము. నగరవీధి వృత్తులకు మాత్రము ఇట్టి కృషి విరివిగా జరుగవలసియున్నది.

7. ఉపసంహారము

పై పరిశీలనమునుబట్టి మూడు పనులు సూచింపవచ్చును. మొదటిది: ఢిల్లీ విశ్వవిద్యాలయములలోని భారతీయభాషా శాఖలు కలసి వీధివృత్తుల పదకోశమును సిద్ధము చేయుట. ఢిల్లీలో హిందీతోపాటు ఉర్దూ, పంజాబీ భాషలకును అధికారస్థానము కలదు. పొరుగునున్న గురుగ్రామ్ హరియాణాలోను, నోయిడా ఉత్తరప్రదేశములోను ఉండుటచే ఒకే చట్టమునకు ఆయా రాష్ట్రప్రభుత్వముల పథకములు వేరువేరుగా నుండును. వలసవచ్చినవారు తమతమ భాషల పదములను వెంట తెచ్చుకొందురు. కావున ఈ కోశము బహుభాషాత్మకము కాక తప్పదు. రెండవది: ప్రతి పదమునకు నామకరణాధారమును, అనగా వాహనమా, స్థలమా, కాలమా, గతియా అనుదానిని చూపి, పట్టణ విక్రయ సంఘములకు అందజేయుట. సంఘములోని వ్యాపారి సభ్యులే దానికి మొదటి పరీక్షకులు కావలెను. మూడవది: ప్రణాళికా గ్రంథముల అనువాదమున 'అసంఘటిత' వంటి నిషేధపదములకు మారుగా వృత్తిని నేరుగా చెప్పు పదములను వాడుట.

పదకోశము కూర్చినంతమాత్రమున ఎవ్వనికిని చోటు దొరకదు. దానికి చట్టము, ధనము, పాలకుల సంకల్పము కావలెను. కాని లెక్కలోనికి రానివానికి ఇవి మూడును ఉండియు ప్రయోజనము లేదు. స్వనిధి పథకము గణనలో తప్పిపోయినవారికి సిఫారసు లేఖద్వారా అవకాశము కల్పింపవలసి వచ్చుటయే గణనలోని ఈ లోపమునకు నిదర్శనము. తరువాతి గణన జరుగులోపల గణకుని చేతిలోని పత్రమున వీధిలోనివారి మాటలు చేరునట్లు చేయుట మన శాఖలకు అసాధ్యమైన పని కాదు. విజ్ఞులు ఈ విషయమున తమ అభిప్రాయములను, తమ ప్రాంతముల పదములను తెలియజేయుదురు గాక.